నాలుగు వరసల బాకీల పేజీ: ఒక ఇంటి పద్దుల పుస్తకం, 27 నెలల వాడకం తరవాత

27 నెలలు వాడాక రాస్తున్నాను కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. ఇది ఇంటి జమాఖర్చులు రాసుకునే పుస్తకం. ఏడాదికొకటి చొప్పున వస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు మూడోది నడుస్తోంది. పుస్తకంతో పాటు ఎనిమిది గుడ్డ కవర్లు, వాటికి పేర్లు రాసి అంటించుకునే చీటీలు ఉంటాయి. మొదటిది కొన్న రోజున మాకు ఏడు అప్పులున్నాయి. తిండీ బట్టా మానేసి మా ఇద్దరి జీతాలూ మొత్తం కట్టినా పదకొండు నెలలు పట్టేంత బాకీ. అందులో ఆఖరిది పోయిన నెల తీరింది. ఈ పుస్తకం మాకు ఎక్కడ అక్కరకొచ్చిందో, ఎక్కడ దాదాపు ముంచిందో రెండూ చెబుతాను.

ముందుగా ‘మన బాకీలు’ అనే పేజీ గురించి చెప్పాలి. నెలవారీ పేజీలకంటే ముందే వస్తుంది. ఎవరికి బాకీ, అసలు ఎంత, వడ్డీ ఎంత శాతం, నెలకు ఎంత కడుతున్నాం, ఎప్పటికి తీరాలి అని నిలువుగా ఐదు గళ్ళు. అడ్డంగా నాలుగే వరసలు. కింద ఇద్దరు సంతకం పెట్టడానికి రెండు గీతలు.

పిల్లలు పడుకున్నాక వంటింట్లో బల్ల మీద ఆ పేజీ తెరిచాం. అప్పటికి మా జీతాల్లో 46 శాతం వాయిదాలకే పోతోంది. నెలాఖరు వారం వచ్చేసరికి మళ్ళీ కార్డు గీకుతున్నాం. అంటే ఒక చేత్తో కడుతూ ఇంకో చేత్తో తెస్తున్నాం. మా ఆయన ఫోన్లో చూసి అంకెలు చెబుతుంటే నేను రాశాను. రెండు క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోను, బండి లోను. నాలుగు వరసలూ నిండిపోయాయి. కిందనే సంతకాల గీతలు కనిపిస్తున్నాయి. చూస్తే పని అయిపోయినట్టే ఉంది. అప్పుడు పుస్తకం మూసేసినా ఎవరూ అడిగేవాళ్ళు లేరు.

“మరి ఫోను వాయిదాలు ఎక్కడ రాస్తావు?” అని ఆయనే అడిగారు. నాలుగో వరస కింద ఉన్న కాస్త జాగాలో ఇరికించాను. పెన్సిలు ఇంకా నా చేతిలోనే ఉంది. మా అక్క దగ్గర తెచ్చిన చేబదులు సంగతి ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు. పాపకు ఒంట్లో బాగోలేనప్పుడు తెచ్చాను. జీతం రాగానే ఇచ్చేద్దాం, చెప్పడం ఎందుకులే అనుకున్నాను. ఆ రాగానే అన్నది రెండేళ్ళు సాగింది. ఏమీ మాట్లాడకుండా ‘అక్క’ అని రాసి, పక్కన అంకె వేశాను. ఆయన ఆ అంకె వంక చాలాసేపు చూశారు. కోప్పడతారనుకున్నాను. పెన్సిలు ఇలా ఇవ్వమన్నారు. పుస్తకాన్ని పక్కకు తిప్పి, మార్జిన్‌లో నిలువుగా, ఆఫీసులో తనతో పనిచేసే ఒకాయన పేరు రాశారు. నాకు తెలియని అప్పు అది. ఏడింటిలో మూడో పెద్దది.

“నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా మీకు?” అన్నాను.

“నీకు అనిపించిందా?” అన్నారు.

తరవాత ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. అర్ధరాత్రి దాటాక ఇద్దరం సంతకాలు పెట్టాం. పెళ్ళయిన పదమూడేళ్ళలో మా బాకీలన్నీ ఒకే కాగితం మీద మేమిద్దరం కలిసి చూడటం అదే మొదటిసారి. ఈ పుస్తకంలో ఇంకేమీ లేకపోయినా ఆ ఒక్క పేజీ కోసం కొంటాను. కానీ ఆ పేజీ మమ్మల్ని ఏడు రాయమని అడగలేదు, నాలుగు రాసి ఊరుకోమంది. మిగతా మూడూ మేము పేజీని కాదని రాసినవి. ఇది దాని పెద్ద లోపం. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

తరవాత నచ్చింది నెలవారీ బాకీల పట్టీలో కట్టిన మొత్తాన్ని ‘వడ్డీకి పోయింది’, ‘అసలుకు పోయింది’ అని రెండుగా విడగొట్టి రాయించడం. చిన్న విషయంలా కనిపిస్తుంది. అప్పటిదాకా నేను కట్టామా లేదా అన్నది మాత్రమే చూసేదాన్ని. కార్డుల మీద మాకు పడుతున్నది నెలకు 3 శాతం. మనవాళ్ళ లెక్కలో నూటికి మూడు వడ్డీ. బయట ఎవరైనా నూటికి మూడు అంటే అమ్మో అని వెనక్కొచ్చేస్తాం, కార్డు దగ్గర మాత్రం ఆ అంకె కంటికి కనపడదు. బారువడ్డీగా చూస్తే ఏడాదికి 36 శాతం. కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి ఏడాది తిరిగేసరికి 42 శాతం దాటుతుంది, రెండేళ్ళలోపే అప్పు రెట్టింపవుతుంది.

మినిమం, అంటే ఈ నెల కనీసం ఇంత కట్టండని కార్డు బిల్లులో చూపే మొత్తం, కడుతున్నాం కదా అనే ధైర్యం మాకు ఉండేది. ఈ రెండు గళ్ళు నింపిన మొదటి నెలలోనే ఆ ధైర్యం పోయింది. లక్ష బాకీ అనుకుని లెక్క వేసి చూడండి. మినిమం 5 శాతం అంటే 5,000 కడతాం. అందులో 3,000 వడ్డీకి, 2,000 అసలుకు. వచ్చే నెల బాకీ 98,000, మినిమం 4,900. బాకీ తగ్గేకొద్దీ కట్టేదీ తగ్గుతుంది కాబట్టి మనకు హాయిగానే ఉంటుంది. అలా ఏడాది కడితే చేతి నుంచి దాదాపు 53,800 పోతుంది, బాకీ ఇంకా 78,000 పైనే ఉంటుంది. ఐదేళ్ళు కట్టినా దాదాపు 30,000 మిగిలే ఉంటుంది. అదే లక్షకు, మొదటి నెల కట్టిన 5,000నే తగ్గించకుండా నెలనెలా కడుతూ పోతే 31 నెలల్లో మొత్తం తీరిపోతుంది. ఒక్క అంకె ఎక్కువ కట్టక్కర్లేదు, తగ్గించకుండా ఉంటే చాలు. అయితే రెండు లెక్కలకూ ఒకటే షరతు, ఆ కార్డు మీద కొత్త ఖర్చు పెట్టకూడదు. ఇది పుస్తకంలో ఎక్కడా రాసి లేదు, గళ్ళు నింపుతుంటే నాకు తట్టింది. ఆ రాత్రే రెండు కార్డులూ ఒక కవరులో పెట్టి అంటించేసి బీరువాలో పడేశాం.

ఆ పక్కనే ‘మళ్ళింపు’ అని ఇంకో గడి ఉంటుంది. ఒక అప్పు తీరగానే దానికి కట్టే వాయిదాను ఏ అప్పుకు మళ్ళిస్తున్నామో అక్కడ రాయాలి. ఇది పెట్టినవాళ్ళకు దండం పెట్టాలి. ఫోను వాయిదాలు రెండో నెలలో అయిపోయాయి. ఆ గడి లేకపోతే ఆ మొత్తం మూడో నెల ఇంటి ఖర్చుల్లో కలిసిపోయేది, ఎటు పోయిందో కూడా తెలిసేది కాదు. అక్కడ ‘కార్డు 1’ అని రాశాం. కార్డు 1 తీరాక ఆ రెండూ కలిసి కార్డు 2కు వెళ్ళాయి. రెండో బండి అమ్మేశాం, దాని లోను తీరిపోయింది. ఆ వాయిదా కూడా వచ్చి చేరింది. అలా చివరికి నెలకు మా రాబడిలో 55 శాతం దాకా కట్టగలిగాం. ఇంటి ఖర్చు మొదటి నాలుగైదు నెలల్లో తగ్గించినంతే, ఆ తరవాత పెద్దగా తగ్గించింది లేదు.

ఏది ముందు తీర్చాలన్న దగ్గర పుస్తకం చిన్న అప్పు ముందు అంటుంది. లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీరిస్తేనే మొత్తం మీద తక్కువ కడతాం, అందులో అనుమానమే లేదు. అయితే అమెరికాలో 2012లో అచ్చయిన ఒక పరిశోధనలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు అప్పుల్లో ఉన్నవాళ్ళ లెక్కలు పరిశీలిస్తే, ఎన్ని ఖాతాలు పూర్తిగా మూసేశారన్నదాన్ని బట్టి వాళ్ళు చివరిదాకా వెళ్ళగలిగారా లేదా అన్నది కనిపించిందట. మేము మధ్యేమార్గం పట్టాం. ఫోను వాయిదాలను ముందు కొట్టేశాం, ఆ గీత గీసిన రోజు ఇంట్లో అందరి మొహాలూ వెలిగాయి. తరవాత నుంచి వడ్డీ ఎక్కువున్నదాని వెంటపడ్డాం. అక్కకూ, ఆఫీసాయనకూ వడ్డీ లేదు. వాళ్ళిద్దరి దగ్గరికీ వెళ్ళి, ఫలానా నెల నుంచి ఇంత చొప్పున ఇస్తామని చెప్పొచ్చాం. అక్క ఆ మాట విని, “అడగలేక ఊరుకున్నానే” అంది. వడ్డీ లేని అప్పుకు వేరే ఖరీదు ఉంటుందని నాకు అప్పుడు అర్థమైంది. మనసు ఆగక, ఆవిడ వాయిదా అనుకున్నదానికంటే మూడు నెలలు ముందే మొదలుపెట్టాను. లెక్కగా చూస్తే తప్పే, అయినా మళ్ళీ చేయాల్సి వచ్చినా అలాగే చేస్తాను.

ఇక ముంచబోయిన చోటు. పుస్తకం అంతా నెల లెక్క. నెలకొచ్చే ఖర్చులకు చక్కటి పట్టీ ఉంది, ఏడాదికొకసారో రెండుసార్లో వచ్చేవాటికి మాత్రం చోటే లేదు. మూడు నెలలు పద్ధతిగా నడిచింది. నాలుగో నెలలో స్కూలు ఫీజు, ఇన్సూరెన్స్ ప్రీమియం ఒకే వారంలో వచ్చి పడ్డాయి. రెండూ అనుకోని ఖర్చులు కావు. ఏ నెలలో వస్తాయో మాకు తెలుసు, ఎంతో కూడా తెలుసు. రాసుకునే గడి లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. బీరువాలో అంటించి పెట్టిన కవరు చింపి కార్డు బయటికి తీశాం. పద్దుల్లో ‘ఈ నెల కొత్త అప్పు’ అని ఒక గడి ఉంటుంది. మూడు నెలలుగా సున్నా రాసిన ఆ గడిలో ఆ రోజు అంకె వెయ్యాల్సి వచ్చింది. ఆయన పెన్సిలు పక్కన పెట్టి, “మన వల్ల కాదులే” అన్నారు. పది రోజులు పుస్తకం తెరవలేదు.

మళ్ళీ తెరిచింది మా పెద్దాడు. వాడికి పదకొండేళ్ళు. ఆదివారం పుస్తకం రాసేటప్పుడు కూడికలు వాడి పని. ఆ ఆదివారం పిలవకపోతే వాడే తెచ్చి బల్ల మీద పెట్టాడు. చివర్లో ఉన్న ఖాళీ పేజీల్లో ఒకటి తీసి పన్నెండు వరసలు గీయించాను. ఏ నెలలో ఏం వస్తుందో ఇంట్లో అందరం కూర్చుని రాశాం. ఫీజులు, ప్రీమియంలు, బండి సర్వీసింగు, కళ్ళజోళ్ళు, పుస్తకాలు, బట్టలు, ఊరి ప్రయాణాలు. మొత్తం కూడి పన్నెండుతో భాగిస్తే నెల రాబడిలో 7 శాతం తేలింది. అప్పటి నుంచి జీతం పడగానే ఆ 7 శాతం వేరే ఖాతాలోకి వెళ్తుంది. తరవాత 22 నెలలు కొత్త అప్పు గడిలో సున్నాయే. మీరు ఈ పుస్తకం కొంటే మొదటి పద్దు రాయకముందే ఈ పట్టిక గీసుకోండి. అలాగే అప్పులన్నీ తీరాక అత్యవసర నిధి మొదలుపెట్టమని ఇందులో ఉంది, అది కూడా పాటించకండి. ముందే కొంచెం పక్కన పెట్టుకోకపోతే పంక్చరు పడినా కార్డే దిక్కవుతుంది. మేము సగం నెల జీతం పోగయ్యేదాకా అప్పులకు అదనంగా ఏమీ కట్టలేదు.

కవర్ల గురించి కూడా చెప్పాలి. నగదు లెక్కపెట్టి కవర్లలో పెట్టుకుని, కవరు ఖాళీ అయితే ఆ ఖర్చు ఆపేయడం పాత పద్ధతే. ఈ రోజుల్లో కూడా పనిచేస్తుందా అని నాకు అనుమానం ఉండేది. అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఒక ప్రయోగం 2001లో అచ్చయింది. ఆటల టిక్కెట్లు వేలం వేసి, కొందరిని నగదు కట్టాలన్నారు, కొందరిని కార్డుతో కట్టాలన్నారు. కార్డువాళ్ళు చాలా ఎక్కువ పాడారు, ఒక సందర్భంలో నగదువాళ్ళకంటే రెట్టింపు. మా అనుభవం కూడా అదే. చేత్తో నోటు తీసి ఇచ్చేటప్పుడు ఉండే జంకు ఫోను చూపించి కట్టేటప్పుడు ఉండదు. అయినా ఎనిమిది కవర్లూ వాడలేం. కరెంటు బిల్లు, ఫీజులు నగదుగా కట్టేవాళ్ళు ఎవరున్నారు ఇప్పుడు? మేము నాలుగే వాడాం. సరుకులకొకటి, పిల్లల చిల్లర ఖర్చులకొకటి, ఆయనకొకటి, నాకొకటి. చివరి రెండింటిలోనూ ఎంత పెట్టాలన్నది ఇద్దరం కలిసి అనుకుంటాం, దేనికి ఖర్చయిందని మాత్రం ఒకరినొకరం అడగం. ఆ రెండు కవర్ల వల్ల ఇంట్లో సగం గొడవలు తగ్గాయి. గుడ్డ మంచిది, 27 నెలల్లో ఒక్క కుట్టు ఊడలేదు. పేరు చీటీలే నెల తిరక్కుండా లేచిపోయాయి.

ఫోన్లో యాప్ ఉండగా పుస్తకం ఎందుకని చాలామంది అడిగారు. దీనికి ముందు మూడు నెలలు యాప్ వాడాను. ఖర్చులన్నీ దానంతట అదే ఎక్కించుకుని రంగురంగుల బొమ్మలు గీసి చూపించేది. కూడికల్లో తప్పు రాదు. పుస్తకంలో నేను మూడుసార్లు తప్పు కూడి, నిల్వ కుదరక తల పట్టుకున్నాను. కానీ యాప్ నా ఒక్కదాని ఫోన్లోనే ఉండేది, నేనూ రోజూ చూసేదాన్ని కాదు. పుస్తకం వంటింటి బల్ల మీద ఉంటుంది. చేత్తో రాస్తుంటే, రాస్తున్న అంకె ఎందుకు ఖర్చయిందో గుర్తు చేసుకోక తప్పదు. జపాన్‌లో హని మొతోకో అనే పత్రికా రచయిత్రి 1904లో గృహిణుల కోసం ఇలాంటి పద్దుల పుస్తకాన్నే తెచ్చారు. దాన్ని కకేబో అంటారు, ఈనాటికీ వాడేవాళ్ళున్నారు. ఇన్నేళ్ళుగా నిలిచిందంటే ఆ చేత్తో రాయడంలో ఏదో ఉందనే నా నమ్మకం. రోజుకు ఐదు నిమిషాలు, ఆదివారం అరగంట. అంతకంటే ఎక్కువ నేను ఎప్పుడూ వెచ్చించలేదు.

బైండింగు బాగాలేదు. మొదటి పుస్తకం తొమ్మిదో నెలకు కుట్లు వదులై మధ్య పేజీలు ఊడొచ్చాయి, రెండోదీ అంతే. కాగితం పలచన, జెల్ పెన్నుతో రాస్తే వెనక పేజీలోకి దిగుతుంది. పెన్సిలే వాడండి. సూచనలు మరీ చిన్న అక్షరాల్లో ఉన్నాయి, మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని కూడా చదవలేకపోయారు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వచ్చే రాబడి ఇంటి అద్దెకు, తిండికే చాలనివాళ్ళకు ఏ పుస్తకమూ లెక్క కుదర్చలేదు. వాళ్ళు ముందు అప్పిచ్చినవాళ్ళతోనే మాట్లాడాలి. వాయిదా తగ్గించి గడువు పెంచమనో, వడ్డీ తగ్గించమనో అడగొచ్చు. కట్టడం ఆగిపోయాక అడిగేకంటే ఆగకముందు అడిగితే మాట చెల్లుతుంది. మా పర్సనల్ లోనుకు అలా అడిగే గడువు మార్పించుకున్నాం. గడువు పెరిగితే మొత్తం వడ్డీ కూడా పెరుగుతుంది, అది తెలిసే ఒప్పుకోవాలి. మీ అప్పులన్నీ మేం మాఫీ చేయిస్తాం, ముందు మా ఫీజు కట్టండి అనే ఫోన్లు మాకూ వచ్చాయి. దయచేసి అలాంటివాళ్ళకు ఏమీ కట్టకండి. కట్టేదేదో అప్పిచ్చినవాళ్ళకే కట్టి రసీదు తీసుకోండి.

అయిదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ బైండింగుకు కాదు, బాకీల పేజీకి. మూడో పుస్తకంలో కూడా నాలుగే వరసలున్నాయి. మొదటి రోజు ఆ పేజీ తెరిచేవాళ్ళు ఎంత భయంతో తెరుస్తారో నాకు తెలుసు. నాలుగు వరసలు చూసి నాలుగే రాసి, హమ్మయ్య అని సంతకాలు పెట్టేసేవాళ్ళు ఉంటారు. ఐదోది ఎవరి మనసులోనో ఉండిపోతుంది. ఆ పేజీలో కనీసం పన్నెండు వరసలు పెట్టమని, ఏటి ఖర్చుల పట్టిక కూడా చేర్చమని తయారుచేసేవాళ్ళకు ఉత్తరం రాశాను. మార్జిన్‌లో ఆయన నిలువుగా రాసిన ఆ పేజీని ఫోటో తీసి, పేర్లు కనపడకుండా చేసి, ఉత్తరంతో పాటు పంపాను. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా కొనేవాళ్ళు ఆ పేజీకి ఒక తెల్లకాగితం అంటించుకోండి.